సహంలో మేకుకు ఐదు పేర్లు

ఒమాన్ వెళ్లొచ్చానని చెప్పగానే మా కాలేజీ స్టాఫ్ రూంలో మొదట అడిగింది ఖర్జూరం ఏదని, తర్వాత అడిగింది అక్కడ బంగారం ఎంతుందని. ఖర్జూరం రెండు కిలోలు తెచ్చి పంచాను. బంగారం కొట్ల వైపు చూడనేలేదు. ఒక ఫైలు రాసిన మనిషిని వెతుక్కుంటూ వెళ్లానని చెబితే మా లెక్కల మేడం నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమోనని చూసింది. ఆవిడ కోసమూ, ఆవిడలా అడగబోయే మిగతావాళ్ల కోసమూ ఇది మొదట్నుంచీ రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్లు చెబుతాను. ఆదివారాల్లో ఒక లినక్స్ పంపిణీకి ప్యాకేజీలు కడతాను. లినక్స్ ఎవరైనా ఉచితంగా వాడుకోగల కంప్యూటర్ వ్యవస్థ. దాన్ని బోలెడు ప్రోగ్రాములతో కలిపి జనానికి అందించేది పంపిణీ. ఎవరెవరో రాసిన ప్రోగ్రాములను తీసుకుని, ఒక్క ఆదేశంతో ఎవరి మెషిన్‌లోనైనా కూర్చునేలా సర్దిపెట్టడం మా పని. వంట వేరేవాళ్లది. నేను డబ్బా కట్టి, లోపల ఏముందో, ఎవరు వండారో చీటీ అంటించేదాన్ని. ఆ చీటీ తప్పయితే డబ్బా మొత్తం వెనక్కి వస్తుంది.

ఈసారి కట్టింది ఒక డేటా కలెక్షన్ల లైబ్రరీ. పుస్తకాల లైబ్రరీ కాదు. సమాచారాన్ని జాబితాలుగా, పట్టికలుగా పేర్చి, అడిగిన వెంటనే వెతికి ఇచ్చే తయారు కోడ్. మా జిల్లాలో కొన్ని సర్కారు బడుల్లో పుస్తకాల కేటలాగ్ దీని మీదే నడుస్తుంది. ఇది పంపిణీలో చేరితే టీచర్లే పెట్టుకోగలరు. చేరకపోతే నేను పెన్‌డ్రైవ్ పట్టుకుని బడి బడికీ తిరగాలి. కొత్త విడుదలకు తలుపులు మూసే రోజు దగ్గరపడింది. మూశారంటే మళ్లీ తెరిచేది రెండేళ్లకే.

అలాంటప్పుడు నా ప్యాకేజీ వెనక్కి వచ్చింది. వచ్చిన ప్రతి ప్యాకేజీనీ ఫైలు ఫైలు తెరిచి చూసే సమీక్షకుడు ఒకాయన ఉన్నాడు, ఎక్కడో మంచు దేశంలో. ఆయన రాసింది రెండే వాక్యాలు. 'ఈ ఫైలు మొదట్లో నేను చదవలేని అక్షరాలున్నాయి. ఇవి ఎవరివి, ఏ షరతు మీద ఇచ్చారు?' ముందు ఆయన్ను నాలుగు తిట్టాను. ఆ తర్వాత ఫైలు తెరిచాను. మొదటి వరుసలో తెలుగు. 'రాసింది: లింబాద్రి, సహం.'

సిగ్గుతో చచ్చిపోయాను. హక్కుదారుల పేర్లు వెతికే పనిముట్టు ఇంగ్లిషు మాటల్నే పట్టుకుంటుంది. దాన్ని నమ్మి నేను ఫైలు తెరవకుండానే, లైబ్రరీ అంతా అసలు రచయిత ఒక్కడి పేరున రాసేశాను. తెలుగు పేరును తెలుగు రానివాడు చూశాడు, తెలుగుదాన్ని నేను దాటేశాను. ఆ ఫైలు తీసేద్దామంటే కేటలాగ్‌కు ప్రాణం అదే. ఒకే వస్తువును ఎన్ని పేర్లతో అడిగినా వెతికి ఇచ్చేది అదొక్కటే. అసలు రచయితను అడిగితే, నాలుగేళ్ల కింద ఎవరో ఈమెయిల్లో పంపారని, ఏ షరతూ రాయలేదని అన్నాడు. ఆ ఈమెయిల్‌కు ఇప్పుడు ఉత్తరం వెళ్లడం లేదు. సహం ఎక్కడని వెతికితే ఒమాన్‌లో తేలింది. దసరా సెలవులున్నాయి, ఒమాన్ రాజధానిలోని ఘుబ్రా పేటలో మా పెద్దమ్మ కూతురు సుజాతక్క ఉంది. ఇంకేం కావాలి?

ఘుబ్రా: అక్క వంటిల్లు

"పదేండ్ల సంది రా చెల్లె, రా చెల్లె అంటె రాలె. గిప్పుడు ఎవడో లింబాద్రి కోసం విమానమెక్కినవా?" అంది సుజాతక్క, తలుపు తీస్తూనే. చివరి రోజు దాకా ఆ మాట దెప్పుతూనే ఉంది, దెప్పుతూనే వడ్డిస్తూ ఉంది. బావ పక్కనే ఉన్న బౌషర్‌లో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తాడు. నిమ్మకాయను నల్లగా ఎండబెట్టి అమ్ముతారిక్కడ. అక్క దాన్ని పప్పుచారులో వేసింది. చింతపండు ఊసే గుర్తు రాలేదు.

నాకొక రోగం ఉంది, ప్రతి ధరనూ రూపాయల్లోకి మారుస్తాను. రియాల్‌కు వెయ్యి బైసలు. వీధి కొట్టులో వంద బైసల చాయ్‌కి ఇరవై రూపాయల పైనే అవుతుందని లెక్క చెప్పేసరికి అక్క కప్పు లాగేసుకుంది. "లెక్కలు తాగుతవా, చాయ్ తాగుతవా?" మళ్లీ లెక్క చెప్పలేదు, మనసులోనే వేసుకున్నాను.

సాయంత్రం రోడ్డు దాటబోయి కారు పోతుందని ఆగాను. కారు నా కోసం ఆగింది. నేను కదలను, అతను కదలడు. అతను అద్దం దించి చేత్తో దారి చూపించాడు. కరీంనగర్‌లో కారు ఆగిందంటే పెట్రోలైనా అయిపోయుండాలి, చుట్టమైనా కనిపించుండాలి.

బౌషర్: ఏ లింబాద్రి?

శుక్రవారం సెలవు. మనవాళ్లందరూ ఒక తెలుగు మెస్‌కు తినడానికి వస్తారని బావ చెబితే, తెలిసిన డ్రైవర్ మస్తాన్ భాయ్‌తో వెళ్లాను. ఆయనది కడప. ఇరవై ఏళ్లుగా ఇక్కడ బండి తోలుతున్నాడు. రియాల్‌కు అన్నం, పప్పు, బోటి కూర. అడిగినంత పెడతారు. కూర నోట్లో పెట్టుకుంటే కన్నీళ్లొచ్చాయి. అది కారమో, మా అమ్మ చేతి రుచో తేల్చుకోలేకపోయాను.

"సహంల లింబాద్రి అని ఉంటడట, ఎరుకేనా?" అని పక్క టేబుల్లో అడిగాను. జగిత్యాల దిక్కు మనుషులు ఆరుగురున్నారు. అందరూ ముద్ద ఆపారు.

"ఏ లింబాద్రి మేడం? షటరింగ్ లింబాద్రియా, క్రేన్ లింబాద్రియా, స్టోర్ లింబాద్రియా?"

"కంప్యూటర్‌ల రాసేటాయన."

"గట్లయితె స్టోర్ లింబాద్రే. ఎప్పుడు జూసినా లాప్‌టాప్ ముంగట ఏదో గొణుక్కుంట ఉంటడు," అన్నాడు పెద్దాయన. ఫోన్ నంబర్ ఇచ్చి, నా బిల్లు కూడా కట్టేశాడు. వద్దంటే, "మన దిక్కుకెల్లి అచ్చినవు, నీ చేత పైసలు కట్టిపిస్తమా బిడ్డా?" అన్నాడు. ఆయన పేరు అడగడం మరిచిపోయాను. ఇప్పటికీ బాధగానే ఉంది.

బాతినా తీరం వెంట

శనివారం పొద్దున్నే లింబాద్రికి ఫోన్ చేసి వస్తున్నానని మాత్రం చెప్పి, మస్తాన్ భాయ్ కారులో సహం బయలుదేరాం. కుడి వైపు ఎక్కడో సముద్రం, ఎడమ వైపు గోధుమరంగు కొండలు, మధ్యలో ఖర్జూరపు తోటలు. దారిలో చాయ్ కొట్టు ముందు కారు ఆపి హారన్ కొడితే చాయ్ కారులోకే వస్తుంది. దిగనక్కర్లేదు. ఈ రాజభోగం మన దగ్గర లేదు.

"ఏం పనమ్మా నీది? జీతమెంతిస్తారు?" అని అడిగాడు మస్తాన్ భాయ్.

"దీనికి జీతం లేదు భాయ్."

మస్తాన్ భాయ్ అద్దంలోంచి నన్ను చూశాడు. "జీతం లేని పనికి సొంత దుడ్లు పెట్టుకోని ఇంత దూరం వచ్చినావా? ఇంట్లో ఏమనరా?"

"అంటారు."

"అనల్ల మరి," అన్నాడు. కానీ తిరిగి వచ్చేదాకా చాయ్ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనివ్వలేదు. "జీతం లేనోళ్ల దగ్గర తీసుకుంటే నాకు అరగదు," అన్నాడు.

సహం: స్టోర్ కిటికీ

ఊరి చివర ఒక కట్టుబడి కంపెనీ యార్డు. ఇనుప చువ్వలు, టైల్స్ పెట్టెలు, ఒక రేకుల గది. ఆ గది కిటికీ వెనక ముప్పై ఐదేళ్ల మనిషి, సన్నగా, చెవి మీద పెన్నుతో. నేను పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు. ఆ ఫైలు ప్రింటు చూపించాను. తన పేరున్న వరుస మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

"గిది ఇంకా ఉన్నదా మేడం? పాత ఫోన్ వోయింది, పాస్‌వర్డ్ వోయింది, గది గూడ వోయిందే అనుకున్న."

నా తప్పు ఒప్పుకున్నాను. "నీ పేరు చూడకుండ దాటేసిన లింబాద్రీ, మాఫ్ చెయ్యి," అన్నాను. దానికి అతను కంగారుపడి కుర్చీ తుడిచాడు.

అతని కథ చిన్నదే. డిగ్రీలో కంప్యూటర్లు చదువుతూ మధ్యలో ఆపేసి లేబర్ వీసా మీద వచ్చాడు. రెండేళ్లు సిమెంటు మోశాక అర్బాబ్, అంటే కంపెనీ యజమాని, లెక్క వచ్చని స్టోర్‌లో కూర్చోబెట్టాడు. కష్టం అక్కడ మొదలైంది. కిటికీ దగ్గరికి వచ్చే ఒక్కొక్కరిదీ ఒక్కో భాష. "మేకు గావాల్నంటడు ఒకడు. కీల్ అంటడు బిహారాయన. కేరళాయన ఆణి అంటడు. బెంగాలాయన పెరేక్ అంటడు. అర్బాబేమో మిస్మార్ అంటడు. అన్ని ఒక్కటే మేడం. నాకెట్ల ఎరుక? సుత్తె గావాల్నంటె సున్నం ఇచ్చిన ఒకనాడు." అందుకని అందరినీ అడిగి మాటలు రాసుకున్నాడు. లారీకీ లారీకీ మధ్య ఖాళీలో, ఒక వస్తువుకు ఎన్ని పేర్లయినా పెట్టుకోగల పట్టిక రాశాడు. ఆ లైబ్రరీలో అలాంటిది లేదని తోచి, నలుగురికీ పనికొస్తుందని పంపేశాడు. ఆ మాటలన్నీ ఉదాహరణలుగా ఫైలు చివర ఉన్నాయి.

అతని కంప్యూటర్ ముందు కూర్చుని, మేకును మా వైపు అనేట్టు 'మొల' అని కొట్టాను. ఏమీ రాలేదు. 'మేకు' అని కొడితే వచ్చింది. "అన్ని భాషలు పెట్టినవు, మన దిక్కు మాటే లేదు కదనయ్యా," అని ఆటపట్టించాను. "అవు మేడం, యాదికే రాలె," అని నవ్వాడు.

అంతలో నా లాప్‌టాప్ ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. ఇక్కడి గోడల్లో మూడు చదరపు కాళ్ల ప్లగ్గే దూరుతుంది, నాది గుండ్రటి కాళ్లది. లింబాద్రి అర నుంచి అడాప్టర్ తీసి, రిజిస్టర్‌లో నా చేత సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు. అప్పుడే నాకు అర్థం కావలసింది, ఈ మనిషి ఎలాంటివాడో.

అనుమతి పత్రం ముందు పెట్టాను. ఈ కోడ్ నాది, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైనున్న పేర్లు మాత్రం తీసేయకూడదు, అంతే. లింబాద్రి చదివి పెన్ను కింద పెట్టాడు.

"నాది అని ఎట్ల రాస్త మేడం? డ్యూటీ టైంల రాసిన. కంపెనీ లాప్‌టాప్‌ల రాసిన."

డ్యూటీలో రాసిన కోడ్ కంపెనీదని అనవచ్చు. అప్పుడు అర్బాబ్ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోగా, నా జీతం తింటూ సొంత పని చేశావా అన్నాడంటే? లింబాద్రి బతాకా, అంటే ఇక్కడ ఉండే హక్కునిచ్చే కార్డు, వచ్చే నెలలో రెన్యూవల్. అది అర్బాబ్ చేతుల్లో ఉంది. నా డబ్బా కోసం ఈయన పొయ్యి ఆర్పాలా?

ఇక్కడ నేను చేసింది రాయకుండా ఉంటే బాగుండును, కానీ రాస్తాను. గొంతు తగ్గించి, "రూంలో రాసిన అని రాస్తే ఎవరికి తెలుస్తది?" అన్నాను. లైసెన్సుల గురించి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని.

లింబాద్రి నన్ను తిట్టలేదు. "అబద్ధం మీద పేరు వెట్టుకుంటె ఏం ఫాయిదా మేడం?" అని మాత్రం అన్నాడు. "అర్బాబ్‌నే అడుగుదాం. ఏదైతె గదయితది."

అర్బాబ్ ఇల్లు

అర్బాబ్ సాలిం అరవై దాటిన మనిషి. ఇక్కడివాళ్లు వేసుకునే తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా, తల మీద కుట్టుపని టోపీ. ఈ తీరంలో చాలామందిలాగే హిందీ ధారాళంగా మాట్లాడతాడు. మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, కూర్చోగానే నేను సంచీలోంచి కాగితాలు తీశాను. లింబాద్రి దగ్గాడు. నేను ఆగలేదు. అర్బాబ్ కాగితాల మీద ఖర్జూరం పళ్లెం పెట్టాడు.

ఇక్కడ ముందు తినాలి. తర్వాత కబుర్లు అడుగుతారు. మీ ఊళ్లో ఏం విశేషాలు, వానలు పడ్డాయా, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు. ఏమీ విశేషాలు లేవని చెప్పడం మర్యాద. నాకు తెలియక వానల గురించి, మా మిడ్‌మానేరు డ్యాం నీళ్ల గురించి చాలానే చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. యాలకుల వాసన వేసే చేదు కాఫీ మూడుసార్లు పోశాడు. మన ఊళ్లలోనూ తిన్నావా అని అడగందే పని మాట ఎత్తరు కదా, ఆ మర్యాద నేనే ఎక్కడో పారేసుకున్నాను.

చివరికి లింబాద్రే చెప్పాడు, నిలబడి, హిందీలో, ఏదీ దాచకుండా. డ్యూటీ టైంలో, కంపెనీ లాప్‌టాప్‌లో అన్న మాటలు రెండుసార్లు చెప్పాడు. అర్బాబ్ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"దీనివల్ల ఏ లారీ అయినా ఆగిందా?"

"నహీ అర్బాబ్."

"మరి లారీ రాని వేళ నువ్వు నిద్రపోయి ఉంటే, నీకొచ్చిన కల నాదయ్యేదా?" అని నా వైపు తిరిగాడు. "నేను జీతమిచ్చేది సామాను ఇచ్చినందుకు. ఇది వీడిదే. రాయండి, సంతకం పెడతాను." మళ్లీ లింబాద్రి మీద కోప్పడ్డాడు. "నాలుగేళ్లు నా స్టోర్‌లో ఇంత పని జరిగితే నాకు చెప్పవా? ఊళ్లో చెప్పుకునేవాణ్ణి కదా."

లింబాద్రి తల దించుకుని కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. దాచుకోవలసిన పనేముంది.

కంపెనీకి దీని మీద హక్కు లేదని నేను రాసిన రెండు వాక్యాల కింద అర్బాబ్ సంతకం పెట్టి, ముద్ర తెమ్మన్నాడు. ముద్ర అక్కర్లేదన్నాను. ఆయన తన కాఫీ కప్పులో నేను ఉమ్మినట్టు చూశాడు. "ముద్ర లేనిది కాగితమా?" ఆ కాగితం మీద ఒకటి, లింబాద్రి పత్రం మీద ఒకటి, చేతికందిన నా ప్రింటు మీద ఒకటి వేశాడు. ఊపు మీదున్నాడు, నేను లాప్‌టాప్ మూసి దూరం జరిపాను. గుమ్మం దాటుతుంటే లింబాద్రితో, "రేపు బతాకా తీసుకురా, రెన్యూవల్‌కు పంపుదాం," అన్నాడు, ఏదో మామూలు మాటలా.

యార్డుకు తిరిగి వచ్చాక లింబాద్రి మెల్లగా అన్నాడు. "మేడం, మాటలు నాయి గావు. అడిగితె జెప్పిండ్రు వాళ్లు."

"మాటల మీద ఎవరికీ హక్కు ఉండది లింబాద్రీ."

"హక్కు గాదు మేడం. పేరు."

తన పేరు కింద అతను చెప్పినట్టే రాశాను, ఎవరి లిపిలో వాళ్లు కిటికీ దగ్గరికి వచ్చి రాసిస్తే. బిహార్ రామ్‌సేవక్, కేరళ వర్గీస్, బెంగాల్ అలావుద్దీన్. మిస్మార్ చెప్పింది మొదటి రోజున అర్బాబే కాబట్టి సాలిం. ఆయన పేరు అరబ్బీలో లింబాద్రే రాశాడు, చూసి చూసి నేర్చుకున్నాడట.

మళ్లీ ఘుబ్రా

ఆదివారం అక్క వంటింటి బల్ల మీద చీటీ సరిదిద్ది ప్యాకేజీ పంపాను. అక్క పక్కనే మెంతికూర గిల్లుతూ చూసింది. "గింతేనా? ఒక్క మీట నొక్కుటానికి నాలుగు రోజులు తిరిగినవా?" అంది. అని ఆగి, "గా పిలగాని పేరు దునియాల అందరికి కనవడ్తదా?" అని అడిగింది. పెట్టుకున్న ప్రతి మెషిన్‌లోనూ ఉంటుందన్నాను. అక్క మెంతికూర పక్కన పెట్టి, స్క్రీన్ మీద ఆ పేరు తనే ఒకసారి చదువుకుంది. లింబాద్రి కోసం వచ్చావని ఆ తర్వాత ఒక్కసారి కూడా దెప్పలేదు.

విమానాశ్రయంలో దింపుతూ మస్తాన్ భాయ్ ఒక సంచీ ఇచ్చాడు. రెండు కిలోల ఖర్జూరం. స్టాఫ్ రూంలో అందరూ తిన్నది అదే.

కరీంనగర్

తలుపు మూయడానికి రెండు రోజుల ముందు సమీక్షకుడి ఉత్తరం వచ్చింది. ప్యాకేజీ తీసుకున్నారు. కింద ఆయన ఇలా రాశాడు: 'ఇప్పుడు నేను చదవలేని అక్షరాలు ఇంకా ఎక్కువయ్యాయి. కానీ ఎవరివో తెలిసింది, చాలు.' నేను తిట్టిన నాలుగు తిట్లూ వెనక్కి తీసుకున్నాను. ఆయన ఫైలు తెరిచి చూడకపోతే నేను లింబాద్రిని చూసేదాన్నే కాదు.

మా కాలేజీ ల్యాబ్‌లో ఆదేశం కొట్టి, చీటీ తెరిచి, ఫొటో తీసి లింబాద్రికి పంపాను. మధ్యాహ్నం భోజనం వేళ ఫోన్ చేశాడు. వెనక లారీ శబ్దం.

"మేడం, రేపటి రోజు ఇంకెవలన్న తీసుకోని మార్చుకుంటరు గద. అప్పుడు గీ పేర్లు తీసేస్తరా?"

"మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. పేర్లు మాత్రం తీయొద్దు. మన లైసెన్స్‌ల ఉన్నది ఆ ఒక్క షరతే."

వెనక లారీ వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

"గట్లయితె ఒక తప్పయింది మేడం," అన్నాడు లింబాద్రి. "మీరు ఆనాడు మొల అన్నరు సూడుండ్రి, అప్పటి సంది మనసుల వట్టింది. మా ఇంట్ల గూడ మొలనే అంటరు. మేకు నా మాట గాదు. అప్పన్న అని శ్రీకాకుళమాయన, షటరింగ్ కార్పెంటర్, రోజు అచ్చి మేకులు మేకులు అని అడుగుతుండె. నడుం వోయి ఇంటికి వోయిండు. ఇంక రాడు. అందర్ని యాది చేసుకున్న, ఆయన్నే మరిసిన. మనోడే గదా అని."

మనోడే కదా అని. నేను చూడకుండా దాటేసిందీ మనోడి పేరునే. ల్యాబ్‌లో పిల్లలు చూస్తున్నారని ముఖం గోడ వైపు తిప్పుకున్నాను.

చిన్న సవరణలకు ఇంకా ఒక రోజు ఉంది. భోజనం డబ్బా మూసి, లాప్‌టాప్ తెరిచి ఫైలులో లింబాద్రి పేరు కింద కొత్త వరుస పెట్టాను.

"అప్పన్న ఇంటిపేరు ఏంది?" అని అడిగాను.

"ఆగుండ్రి మేడం, ఫోన్ జేసి అడుగుత," అన్నాడు లింబాద్రి. "ఊరి పేరు గూడ అడుగుత."